పీఏ విద్యార్థులకు ఓబీజీ పోస్టింగ్‌లో అసలు ఏం నేర్పాలి?

మెరీనా_ఓబీజీ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. చెన్నైలో ఒక ప్రైవేటు బోధనాసుపత్రిలో, ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలో (ఓబీజీ) పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. బీఎస్సీ ఫిజిషియన్ అసిస్టెంట్ (పీఏ, డాక్టర్ల పర్యవేక్షణలో పనిచేసే సహాయకుల కోర్సు) మూడో ఏడాది పిల్లలు పన్నెండు మంది వచ్చే సోమవారం నుంచి నాలుగు వారాలు మా దగ్గర ఉంటారు. ఈసారి వాళ్ళ బాధ్యత నాకు అప్పగించారు. ఇప్పుడు ఫిజిషియన్ అసోసియేట్ అని కూడా అంటున్నారు. 2021లో వచ్చిన కేంద్ర చట్టంలో ఈ వృత్తిని చేర్చారు కూడా. మా పిల్లలు మాత్రం పీఏ అనే చెప్పుకుంటారు, నేనూ అలాగే రాస్తాను.

ఇప్పటిదాకా మా దగ్గర నడిచిన పద్ధతి ఇదీ. పొద్దున రౌండ్‌లో వెనక నిలబడతారు. ఓపీలో బరువు, బీపీ చూస్తారు. మధ్యాహ్నం డిశ్చార్జ్ సమ్మరీలు రాస్తారు. చివరి రోజున లాగ్‌బుక్ తెస్తారు, అందులో 'నార్మల్ డెలివరీ, చూశాను, 10' అని ఉంటుంది, నేను సంతకం పెడతాను. ఆ పదిలో రెండైనా మొదటినుంచి చివరిదాకా చూసి ఉంటారని నాకు నమ్మకం లేదు. అయినా పెట్టాను. అది నా తప్పే.

పోయిన బ్యాచ్‌లో జరిగింది చెప్తాను. ముప్పై ఆరు వారాల తొలిచూలు గర్భిణి గుమ్మిడిపూండి వైపు నుంచి వాళ్ళమ్మతో వచ్చింది. ఓపీలో పీఏ అమ్మాయి బీపీ చూసింది, 148/96 వచ్చింది. పొరపాటేమోనని కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసింది, 150/98. రెండూ చీటీ మీద శుభ్రంగా రాసి, చీటీని ఫైల్లో పెట్టి, ఫైలును వరుసలో పెట్టింది. ఆమె వంతు వచ్చేసరికి రెండు గంటలు దాటింది. అప్పటికి తలనొప్పి, కళ్ళముందు మెరుపులు, బీపీ 170/112. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టి, బీపీ దించి, ఆ రాత్రే సిజేరియన్ చేశాం. తల్లీ బిడ్డా బాగున్నారు. నాకు మాత్రం ఆ రెండు గంటలు ఇంకా గుర్తొస్తూనే ఉన్నాయి.

ఆ అమ్మాయిని కోప్పడలేదు, ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగాను. "చీటీ మీద రాశాను కదా మేడమ్, మీరు చూస్తారనుకున్నాను. నేను స్టూడెంట్‌ని, వచ్చి చెప్తే మా తెలిసినవాళ్ళని క్యూ దాటిస్తున్నానని అనుకుంటారేమోనని భయపడ్డాను" అంది. గర్భిణికి బీపీ 140/90 దాటితే ప్రమాద సూచన అని తనకు తెలుసు, పరీక్షలో రాసింది కూడా. లేచి వచ్చి చెప్పాల్సింది తనే అని మాత్రం తెలియదు. మేం ఎవరమూ ఆ మాట చెప్పలేదు.

నాలుగు వారాలే ఉన్నాయి. సిలబస్ చూస్తే ప్రసూతి శాస్త్రం మొత్తం ఉంది. వీళ్ళ చేతులతో ఏం చేయించాలి, ఏం చేయించకూడదు? లోపలి పరీక్ష నేర్పాలా? పీఏలుగా పనిచేస్తున్నవాళ్ళు, నేర్పినవాళ్ళు, ఇలాంటి ఆసుపత్రుల్లో కాన్పు అయినవాళ్ళు ఎవరైనా సరే, దయచేసి చెప్పండి.

సూళ్ళూరుపేట_పీఏ

నమస్తే మేడమ్. నేను చెన్నైలోనే పీఏ చదివి, ఇప్పుడు బెంగళూరులో ఒక ఆసుపత్రి ఓబీజీలో పనిచేస్తున్నాను, ఇది తొమ్మిదో ఏడు. మీరు చెప్పిన ఆ అమ్మాయి స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. అందుకని కాస్త పెద్దగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మన దేశంలో పీఏ కోర్సు పుట్టింది చెన్నైలోనే. 1992లో మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె సర్జన్ డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో మొదలైంది. అందుకే ఇప్పటికీ పీఏ అనగానే చాలామందికి గుండె ఆపరేషన్ థియేటరే గుర్తొస్తుంది. అక్కడ మా వాళ్ళు ఏం చేయాలో అందరికీ తెలుసు. ఓబీజీకి వచ్చేసరికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. పీజీలకు (స్పెషలిస్టు కోర్సు చదివే డాక్టర్లకు) కాన్పులు కావాలి, హౌస్ సర్జన్లకు కుట్లు కావాలి, నర్సింగ్ పిల్లలకు వాళ్ళ కేసుల లెక్క ఉంటుంది. మాకు మిగిలేది కంప్యూటర్ ముందు కుర్చీ. నా పోస్టింగ్‌లో ఎన్ని డిశ్చార్జ్ సమ్మరీలు రాశానో లెక్కలేదు, ఆ తల్లుల్లో చాలామంది ముఖం కూడా చూడలేదు.

ఒక్కటి మాత్రం బాగా జరిగింది. ఒక సీనియర్ డాక్టర్ నన్ను పిలిచి, "ఈ అమ్మ ఇంటికెళ్ళేదాకా నువ్వు ఈమె మనిషివి" అని ఒక తల్లిని అప్పగించారు. పొద్దున ఏడింటికి చేరింది, మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకి ప్రసవించింది. నేను అక్కడే ఉన్నాను. అరగంటకోసారి డాప్లర్ పెట్టి, నిమిషం పాటు బిడ్డ గుండె చప్పుడు విని రాయడం. పొట్టమీద చేయి వేసి పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయో, ఒక్కోటి ఎన్ని సెకన్లుంటోందో లెక్కపెట్టడం. ముక్కే దశకి వచ్చాక అయిదు నిమిషాలకోసారి వినడం. 110 నుంచి 160 మధ్య ఉండాలని ఎన్నిసార్లు చదివానో. నొప్పి తగ్గాక కూడా చప్పుడు 100 దగ్గరే ఉండిపోతే చెవికి ఎలా వినిపిస్తుందో ఆ రాత్రి ఒకటిన్నరకి తెలిసింది. పరిగెత్తాను. డాక్టర్ వచ్చి ఆమెను ఎడమ పక్కకి తిప్పి, నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ ఆపారు. నాలుగు నిమిషాల్లో 130కి వచ్చింది. మిగతా పోస్టింగ్ అంతా కలిపినా ఆ ఒక్క రాత్రికి సరిపోదు.

కాబట్టి మేడమ్, పన్నెండు మందికీ తలా ముగ్గురు తల్లుల్ని అప్పగించండి. ఒకరు మామూలు కాన్పు, ఒకరు సిజేరియన్, ఒకరు బీపీయో షుగరో ఉన్న గర్భిణి. చేరిన దగ్గర్నుంచి ఇంటికెళ్ళేదాకా వెంట ఉండాలి. ఇంకో పది చూడకపోయినా ఫర్వాలేదు.

తర్వాతది కేసు రాయడం. మన తెలుగు పిల్లలు ఇక్కడ దెబ్బతినేది భాష దగ్గరే. "పనిక్కుడం ఒడంజిడుచ్చు" అంటే ఉమ్మనీరు పోయిందని అర్థం. మా బ్యాచ్ అబ్బాయి ఒకడికి తెలియక 'కుండ పగిలింది' అని ఏదో ఇంటి విషయం అనుకున్నాడు. "కుళందై అసైయల" అంటే బిడ్డ కదలడం లేదని. ఆ మాట వినగానే పెన్ను పక్కనపెట్టి డాక్టర్‌ని పిలవాలి. ఇలాంటివి ఓ ముప్పై మాటలు మొదటి రోజే రాసి ఇచ్చేయండి.

ఆఖరి నెలసరి తేదీ దగ్గర ఇంకో చిక్కు ఉంది. చాలామంది తేదీ చెప్పరు, పండగ చెప్తారు. ఇక్కడ కొత్త పెళ్ళికూతుళ్ళని ఆడి మాసంలో పుట్టింటికి పంపుతారు, మండే చిత్తిరై మాసంలో (ఏప్రిల్, మే) కాన్పు రాకూడదని. మనకూ ఆషాఢం పట్టింపు ఉంది కదా అని మన పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి కాదు. మన ఆషాఢం చాంద్రమానం, సాధారణంగా జూన్, జూలైల్లో వచ్చి అమావాస్యతో అయిపోతుంది. వాళ్ళ ఆడి సౌరమానం, జూలై మధ్యనుంచి ఆగస్టు మధ్యదాకా. ఒకామె జూలై మొదటి వారంలో నెలసరి అయిందని చెప్పింది. నేను ఇంకా మాట్లాడుతుంటే, ఆడి నెలంతా పుట్టింట్లోనే ఉండి, ఆడి అయ్యాకే అత్తారింటికి వచ్చానంది. అలాగైతే ఆ తేదీ ప్రకారం గర్భం నిలవడం కుదరదు. డాక్టర్‌కి చెప్తే, మొదట్లో తీసిన స్కాన్ తెప్పించి చూసి నెలలు సరిచేశారు. నాలుగైదు వారాల తేడా వచ్చింది. లేకపోతే నెలలు నిండాయనుకుని నిండకుండానే నొప్పులు తెప్పించేవాళ్ళేమో. ఇది పీఏ చేయగలిగిన పని. పక్కన కూర్చుని మాట్లాడే తీరిక ఓపీలో ఇంకెవరికీ ఉండదు.

ఇక చెప్పడం. దాన్ని కూడా నోటితో ప్రాక్టీస్ చేయించాలి మేడమ్, ఉపన్యాసంలో వింటే రాదు. "మేడమ్, నేను పీఏ స్టూడెంట్‌ని. రెండో గదిలో ముప్పై ఆరు వారాల తొలిచూలు. బీపీ రెండుసార్లు చూశాను, 150/98. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." ఇంతే. మొదటి మూడు ముక్కలూ ఎవరైనా చెప్తారు. ఆఖరి ముక్క దగ్గర గొంతు పూడుకుపోతుంది. పెద్ద డాక్టర్‌ని 'మీరు ఇప్పుడే రావాలి' అనడం మనలో ఎవరికీ చిన్నప్పటినుంచి అలవాటు లేదు. నాకు రెండేళ్ళు పట్టింది.

చేయకూడనివి కూడా తొలిరోజే చెప్పేయండి. మా పేరుమీద మందు రాయకూడదు. స్కానింగ్ ప్రోబ్ పట్టుకోకూడదు, అది పీసీపీఎన్‌డీటీ చట్టం (లింగ నిర్ధారణ నిరోధక చట్టం) కింద అర్హత ఉన్న డాక్టర్ల పని. గర్భం తీయించే మాత్రలు ఇవ్వడం ఎంటీపీ చట్టం ప్రకారం మా పని కాదు. ఎవరైనా 'డాక్టర్' అని పిలిస్తే ప్రతిసారీ సరిదిద్దాలి. "నేను డాక్టర్ని కాదమ్మా, డాక్టర్‌తో కలిసి పనిచేసే పీఏని" అని నేను రోజుకి ఇరవైసార్లు చెప్తాను. వాళ్ళు ఏమీ తక్కువగా చూడరు.

ఓబీజీ_పీజీ_రెండో_ఏడు

మేడమ్, పై అక్క చెప్పింది చాలా బాగుంది. అయినా నా తరఫు మాట కూడా చెప్పాలి, తప్పుగా అనుకోకండి. నేను ఓబీజీ పీజీ రెండో సంవత్సరం. ఇప్పటిదాకా ఫోర్సెప్స్ (బిడ్డ తల పట్టి బయటికి తీసే పట్టకారు) నా చేత్తో వేసింది రెండే. సిజేరియన్‌లో గర్భసంచి కుట్టే అవకాశం కోసం రాత్రి డ్యూటీలు అడిగి మరీ వేయించుకుంటున్నాను. పీఏ విద్యార్థులను కూడా టేబుల్ దగ్గర నిలబెడితే మేం ఎక్కడ నేర్చుకోవాలి? రేపు రెండు ప్రాణాలకు సంతకం పెట్టాల్సింది మేమే కదా.

వాళ్ళమీద కోపం లేదు. నేను 24 గంటల డ్యూటీలో ఉన్నప్పుడు ఎవరైనా వార్డు మొత్తం బీపీలు సరిగ్గా చూసి, తేడా ఉన్న ఇద్దర్ని నాకు చూపిస్తే వాళ్ళకి దండం పెడతాను. కానీ ఎవరు ఏం చేస్తారో కాగితం మీద ఉండాలి. ఇప్పుడు మా దగ్గర అది ఆరోజు డ్యూటీలో ఎవరున్నారన్న దాన్నిబట్టి మారిపోతోంది.

పురిటిగది_సిస్టర్

అమ్మా డాక్టరమ్మా, నేను రిటైరై ఆరేళ్ళయింది. ముప్పై ఒక్క ఏళ్ళు లేబర్ రూమ్‌లోనే ఉన్నాను. శిక్షణ చెన్నై ఎగ్మోర్ ప్రసూతి ఆసుపత్రిలో. 1844లో మొదలైన ఆసుపత్రి అది. మా ట్యూటరమ్మ మొదటి రోజు మాకు ఏ పరికరమూ ఇవ్వలేదు. స్టూల్ వేసి, "ఆ తల్లి నడుము రుద్దు" అన్నారు. మూడు రోజులు అదే పని. తర్వాత అర్థమైంది, చేయి నడుము మీద ఉంటే నొప్పి ఎప్పుడొచ్చిందో, ఎంతసేపుందో అడగకుండానే తెలుస్తుంది.

నేను చెప్పాలనుకున్నది రక్తం గురించి. కాన్పు తర్వాత ప్రాణం తీసేది అదే. పిల్లలకి 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని నోటికొచ్చు. 500 అంటే కంటికి ఎలా ఉంటుందో తెలియదు. నేను ట్యూటర్‌గా ఉన్నప్పుడు హారతి నీళ్ళు కలిపేదాన్ని. పసుపు, సున్నం వేసి మనం దిష్టి తీసే నీళ్ళే. రంగు దగ్గరగా ఉంటుంది, ఖర్చు లేదు. కొలిచి గుడ్డల మీద పోసేదాన్ని. పది సెంటీమీటర్ల గాజ్ (పల్చని కట్టుగుడ్డ) పూర్తిగా నానితే సుమారు 60 మిల్లీలీటర్లు. నిండా తడిసిన ప్యాడ్ 100. ఆపరేషన్‌లో వాడే 45 సెంటీమీటర్ల పెద్ద మాప్ (రక్తం అద్దే గుడ్డ) నానితే 350. కిడ్నీ ట్రే నిండితే 500. పరుపు మీద పోసి, పైన దుప్పటి కప్పి, పిల్లల్ని ఒక్కొక్కర్నే పిలిచి ఎంతని అడిగేదాన్ని. లీటరు పోస్తే నాలుగు వందలు అనేవాళ్ళు. ప్రతి బ్యాచ్‌లోనూ అంతే, అందరూ తక్కువే చెప్పేవాళ్ళు. దుప్పటి ఎత్తి చూడనివాళ్ళు కూడా ఉన్నారు.

ఆ తర్వాత నేను పడుకుని తల్లిలా నటించేదాన్ని. "సిస్టర్, దాహంగా ఉంది, చలేస్తోంది" అనేదాన్ని. నీళ్ళు తెచ్చిన పిల్లని కూర్చోబెట్టి, ముందు నాడి పట్టుకోమని చెప్పేదాన్ని. పై బీపీ అంకె కన్నా నాడి ఎక్కువగా ఉంటే ఆ తల్లిని వదిలి కదలకూడదు, అక్కడినుంచే కేకేయాలి. అది ఎవరు చేసినా ఒకటే. నర్సా, పీఏనా, ఊడ్చే ఆయమ్మా అని రక్తం చూడదు. మా ఆయమ్మ ఒకామె బకెట్ బరువుగా ఉందని చెప్పినందువల్ల ఒక తల్లి బతికింది.

పీజీ బాబూ, నీ బాధ నిజమే. ఫోర్సెప్స్ నీకే ఉండాలి.

చిత్తూరు_కుర్రాడు

నమస్తే అందరికీ. నేను పీఏ మూడో ఏడాది, చెన్నైలోనే వేరే కాలేజీ. మా బ్యాచ్‌లో అబ్బాయిలం ముగ్గురం. లేబర్ రూమ్ తలుపు దగ్గరే ఆపేస్తారు. కొన్నిసార్లు తల్లులు వద్దంటారు, కొన్నిసార్లు వాళ్ళని అడగకుండానే మమ్మల్ని బయటికి పొమ్మంటారు. లాగ్‌బుక్ నిండదేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. నాకు నిజంగానే నేర్చుకోవాలని ఉంది. మా అక్కకి కాన్పులో రక్తం బాగా పోయింది, అప్పుడు ఇంట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఏం చేయమంటారు?

ఇద్దరు_పిల్లల_తల్లి

నేను వైద్యరంగం మనిషిని కాదు. అంబత్తూరులో ఉంటాం, మాది ఒంగోలు దగ్గర. కాన్పు అయినవాళ్ళని కూడా అడిగారు కాబట్టి రాస్తున్నాను.

నా మొదటి కాన్పు ఒక బోధనాసుపత్రిలో. పేరు చెప్పను. నొప్పుల్లో ఉండగా ఎంతమంది లోపలి పరీక్ష చేశారో నాకు లెక్క తెలియదు, అయిదారుగురైతే ఉంటారు. ఒకరు చేయి తీయగానే ఇంకొకరు. వాళ్ళలో వాళ్ళు "నాలుగా? కాదు, అయిదు" అనుకుంటున్నారు. నా ముఖం వైపు ఎవరూ చూడలేదు. నాకు తమిళం అప్పటికి అంత రాదు. పాప పుట్టిన సంతోషం ఉన్నా, ఆ గది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు బిగుసుకుంటుంది. రెండో కాన్పు నాలుగేళ్ళు వాయిదా వేసుకున్నాను, కారణం ఇదేనని మా ఆయనకి కూడా చెప్పలేదు.

రెండోసారి వేరే చోట. ఒక అబ్బాయి వచ్చి, ముందు తన పేరు చెప్పి, "నేను విద్యార్థిని. మీ పొట్టమీద చేయి పెట్టి బిడ్డ తల ఎటుందో చూడొచ్చా? వద్దంటే వెళ్ళిపోతాను, మీ వైద్యంలో ఏ తేడా రాదు" అన్నాడు. పక్కన నర్సు ఉంది. సరేనన్నాను. చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని మరీ పెట్టాడు. చిత్తూరు తమ్ముడూ, నిన్ను వద్దనేవాళ్ళు ఉంటారు, ఆ మాట వినాలి. నాలాంటివాళ్ళు సరే అనేవాళ్ళూ ఉంటారు. నువ్వు అడగాలి.

ఇంకోటి. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చాక కూడా విద్యార్థులు లోపలి పరీక్ష నేర్చుకుంటారని ఈమధ్య తెలిసింది. అది ముందుగా, నేను స్పృహలో ఉన్నప్పుడు, నాకర్థమయ్యే భాషలో అడగాలి. ఇవ్వని అనుమతి ఇచ్చినట్టు అనుకోకండి.

గుంటూరు_నుంచి_ఇంగ్లండ్

నేను ఇక్కడ ఎన్‌హెచ్ఎస్‌లో (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఓబీజీ డాక్టర్‌ని, పీఏ విద్యార్థులకు కొన్నేళ్ళు నేర్పాను. ఇక్కడిది వేరే దారి, డిగ్రీ అయ్యాక రెండేళ్ళ కోర్సు. నేను మొదలుపెట్టినప్పటి జాతీయ పాఠ్యప్రణాళికలో ఓబీజీకి కనీసం 90 గంటలు. చాలా తక్కువ. అందుకే మేం కాన్పు చేయించడం లక్ష్యంగా పెట్టుకోలేదు. గర్భంతో ఉన్న స్త్రీకి జబ్బు చేస్తే గుర్తుపట్టడం, పరీక్షలో మర్యాద, ఎప్పుడు పిలవాలి, ఇవే మా లక్ష్యాలు. స్పెక్యులమ్ (యోని లోపల చూడటానికి పెట్టే పరికరం), లోపలి పరీక్ష మొదట బొమ్మల మీద. చాలా కాలేజీల్లో దీనికోసం శిక్షణ పొందిన మహిళలే వస్తారు, తమ శరీరం మీదే పరీక్ష నేర్పి, నొప్పిగా ఉంటే అక్కడికక్కడ చెప్తారు. విద్యార్థి తన చేయి ఎలా ఉందో ఆ మాటతోనే సరిచేసుకుంటాడు.

పీజీ తమ్ముడు చెప్పిన గొడవ ఇక్కడా పెద్దదే అయింది. శిక్షణలో ఉన్న డాక్టర్ల అవకాశాలు పోతున్నాయని, పేషెంట్లకు ఎవరు డాక్టరో తెలియడం లేదని. 2024 డిసెంబర్ నుంచి ఇక్కడి డాక్టర్లను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ కింద పీఏల రిజిస్ట్రేషన్ మొదలైంది. పీఏల పనిమీద ప్రభుత్వం చేయించిన, 2025 జూలైలో వచ్చిన లెంగ్ సమీక్ష, పేరును మళ్ళీ ఫిజిషియన్ అసిస్టెంట్‌గా మార్చాలని, రోగం ఏమిటో ఇంకా తేలని పేషెంట్‌ని మొదటగా పీఏ చూడకూడదని సిఫారసు చేసింది. ఎవరి పని ఏదో ముందే రాసుకోకపోవడం వల్ల ఆ పిల్లలే ఎక్కువ నలిగారు. మంచి పీఏలు ఉద్యోగాలు వదిలేయడం చూశాను, బాధేసింది. పేరు ఏదైనా, ఆ కాగితం ఒకటి మొదటివారంలోనే రాసుకోండి మేడమ్.

సిస్టర్ గారి హారతి నీళ్ళ గురించి ఒక మాట. 2023లో ఈ-మోటివ్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు. కాన్పు కాగానే తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పెట్టి రక్తం కొలిచారు, ఎక్కువైతే చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. మామూలు పద్ధతి నడిచిన చోట రక్తస్రావాన్ని సగం మందిలోనే గుర్తించారు, సంచి పెట్టిన చోట 93 శాతం మందిలో. తీవ్రమైన పరిణామాలు 60 శాతం తగ్గాయి. మందులు అవే. కొలవడం, వెంటనే కదలడం కొత్తగా వచ్చాయి. ఆ సంచి దగ్గర నిలబడి పదిహేను నిమిషాలకోసారి అంకె బయటికి చదివే పని పీఏ విద్యార్థికి ఇవ్వండి. పీజీ పని ఏదీ పోదు.

మెరీనా_ఓబీజీ

అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్. రెండు రాత్రులు కూర్చుని ఇవన్నీ చదివాను. అంబత్తూరు అమ్మా, మీరు రాసింది మా విభాగం మీటింగ్‌లో మీ ఊరి పేర్లు తీసేసి చదివి వినిపించాను. కాసేపు ఎవరం మాట్లాడలేదు. అలాంటి గదుల్లో నేనూ పీజీగా నిలబడ్డాను. 'నాలుగా, అయిదా' అని అన్నవాళ్ళలో నేనూ ఉండే ఉంటాను.

ఇవీ తేల్చుకున్నవి. నొప్పుల్లో ఉన్న తల్లికి పీఏ విద్యార్థులు లోపలి పరీక్ష చేయరు. ప్రతి పరీక్షా నొప్పే, ప్రతి పరీక్షతోనూ ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది, నేర్చుకోవడం కోసం ఒకటి అదనంగా చేయడం నాకు ఇష్టం లేదు. బొమ్మ మీద నేర్పుతాను. గైనిక్ ఓపీలో ఒప్పుకున్నవాళ్ళకి, నా ఎదురుగా, ఒక మనిషికి ఒక విద్యార్థి చొప్పున స్పెక్యులమ్ పెట్టవచ్చు. థియేటర్‌లో మత్తు ఇచ్చాక పరీక్ష చేయాలంటే ముందురోజే తెలుగులోనో తమిళంలోనో రాసిన వేరే అనుమతి పత్రం ఉండాలి. సంతకం లేకపోతే లేదు, అది పీజీలకు కూడా వర్తిస్తుంది.

తలా ముగ్గురు తల్లులు. ఇది సూళ్ళూరుపేట చెల్లెలు చెప్పినట్టే. రాత్రి ఉండటానికి గది దొరకలేదు, నా కన్సల్టేషన్ గది తాళం ఇస్తున్నాను.

పీజీ బాబూ, సిజేరియన్‌లో మొదటి అసిస్టెంట్ ఎప్పుడూ పీజీయే. పీఏ విద్యార్థి రెండో అసిస్టెంట్‌గా ఒక్కసారి, మిగతాది ఆపరేషన్‌కి ముందు, తర్వాత. సిజేరియన్ అయిన తల్లికి మొదటి 24 గంటలు మూత్రం ఎంత వస్తోంది, గర్భసంచి గట్టిగా ఉందా, పిక్కలో నొప్పి ఉందా, పాలు పడుతున్నాయా, ఇవి చూసి నీకు చెప్పడం వాళ్ళ పని. మెగ్నీషియం నడుస్తున్న తల్లి దగ్గర మోకాలి జెర్క్ (మోకాలి కింద తడితే కాలు ఎగరడం), శ్వాస, మూత్రం గంటగంటకీ చూడటం కూడా. మూత్రం గంటకి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గినా, జెర్క్ రాకపోయినా తర్వాతి డోసు వేసే ముందు నీకు తెలియాలి. కాగితం మీద రాసి, డ్యూటీ గదిలో అంటించాను.

చిత్తూరు బాబూ, మా దగ్గర అబ్బాయిలు నలుగురున్నారు. వాళ్ళని తలుపు దగ్గర ఆపొద్దని చెప్పాను. పక్కన ఒక మహిళా సిబ్బంది ఉండాలి, తల్లిని అడగాలి, వద్దంటే బయటికి రావాలి. వద్దన్నారని లాగ్‌బుక్‌లో మార్కు తగ్గదు.

లాగ్‌బుక్‌లో 'చూశాను' గడి కొట్టేశాను. దాని స్థానంలో నాలుగు గడులు: ఏం గమనించాను, ఎవరికి చెప్పాను, ఎన్ని గంటలకి, ఆ తర్వాత ఏం జరిగింది. నాలుగు వారాల్లో ఇలాంటివి పదిహేను ఉండాలి. చెప్పాక ఏమీ లేదని తేలినా లెక్కలోకి వస్తుంది. ఓపీలో 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ ఫైలు వరుసలో పెట్టరు, చేత్తో పట్టుకుని నా గదిలోకి తెస్తారు. నేను ఎవర్ని చూస్తున్నా సరే.

ఆ 148/96 రాసిన అమ్మాయి ఇప్పుడు మా దగ్గరే ఇంటర్న్‌షిప్‌లో ఉంది. సోమవారం కొత్త పిల్లలకి ఆ రోజు సంగతి తనే చెప్తావా అని అడిగాను, బలవంతం లేదన్నాను. ఒకరోజు టైమ్ అడిగింది. ఈ పొద్దున వచ్చి, చెప్తానంది. ఆ తల్లి ఫోన్ నంబర్ తన దగ్గరుందట, ఆదివారాలు మాట్లాడుకుంటారట. నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

సిస్టర్ గారూ, ఒక్కటి చెప్పండి. హారతి నీళ్ళు నిన్న ఇంట్లో కలిపి చూశాను. నారింజ రంగు వచ్చింది, ఎరుపు రాలేదు. ఏం తప్పు చేశాను?

పురిటిగది_సిస్టర్

సున్నం తక్కువైందమ్మా. ముందు పసుపు నీళ్ళలో బాగా కలిపి, తాంబూలంలో వేసుకునే తడి సున్నం చిటికెడు చిటికెడుగా వేస్తూ కలపండి, ఎరుపెక్కిన దగ్గర ఆపండి. పొడి సున్నం వాడొద్దు, అడుక్కి దిగిపోతుంది. కలిపిన వెంటనే వాడాలి. పాత దుప్పట్లు తీసుకోండి, ఆ మరక ఒక పట్టాన పోదు. నేను పల్లావరంలోనే ఉంటాను, సోమవారం రమ్మంటే వస్తాను. తల్లిలా పడుకోవడానికి మనిషి కావాలి కదా.